బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ కొంటున్నారా? సిమ్, టవర్, డబ్బా మూడూ కలుస్తాయో లేదో ముందే చూసుకోండి

అనంతపురం జిల్లాలో ఇప్పుడు చాలా చీనీ తోటల్లో బోరు దగ్గర స్టార్టర్ డబ్బాలోంచి ఒక చిన్న ఏరియల్ బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తోంది. ఇంటి దగ్గరినుంచి ఫోన్ చేస్తే మోటారు ఆన్ అవుతుంది, ఇంకోసారి చేస్తే ఆఫ్ అవుతుంది, త్రీ ఫేజ్ కరెంటు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో మెసేజ్ వస్తుంది, బోర్లో నీళ్ళు తగ్గితే మోటారు కాలిపోకముందే దానంతటదే ఆగిపోతుంది. చీకట్లో పాములకు, తెగిపడిన తీగలకు భయపడుతూ తోటకు పోవాల్సిన అవసరం తప్పిస్తుంది కాబట్టి ఇది మన రైతులకు నిజంగా పనికొచ్చే వస్తువు, అందులో నాకు రెండో మాట లేదు.

కానీ కొన్న కొన్నాళ్ళకే "సిమ్ పట్టడం లేదు", "ఫోన్ చేస్తే కలవడం లేదు", "యాప్ తెరుచుకోవడం లేదు" అని అంగళ్ళ చుట్టూ తిరిగేవాళ్ళు కూడా తక్కువేం లేరు. చాలాసార్లు డబ్బా చెడిపోయి ఉండదు. డబ్బా ఒక కంపెనీది, లోపల సిగ్నల్ అందుకునే మోడెమ్ ఇంకో కంపెనీది, సిమ్ ఒకరిది, టవర్ మీది పెట్టెలు మరొకరివి, యాప్ ఇంకెవరిదో. వీటిని ఒకదానితో ఒకటి మాట్లాడించడానికి ప్రపంచంలో కంపెనీలన్నీ కూర్చుని కొన్ని ఒప్పందాలు రాసుకున్నాయి, వాటినే స్టాండర్డ్స్ అంటున్నాం. ఆ ఒప్పందం ఎక్కడిదాకా ఉంది, ఎక్కడ ఎవరిష్టం వాళ్ళకు వదిలేశారు అన్నది తెలిస్తే, డబ్బు చేతిలో ఉండగానే సరైన ప్రశ్న అడగొచ్చు.

ఈ ఒప్పందాలు ఎక్కడ పుట్టాయంటే

రెండు ముక్కల్లో చెప్తాను, ఇది తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. 1998 డిసెంబరులో త్రీజీపీపీ అని ఒక ఉమ్మడి వేదిక మొదలైంది. ఇప్పుడు అందులో యూరప్, అమెరికా, చైనా, జపాన్, కొరియా, మన దేశం కలిపి ఏడు స్టాండర్డ్స్ సంస్థలున్నాయి, మన తరఫున టీఎస్‌డీఎస్‌ఐ కూర్చుంటుంది. బయట మార్కెట్లో ఒకరి మీద ఒకరు పోటీ పడే ఎరిక్సన్, నోకియా, శాంసంగ్, హువావే, క్వాల్‌కామ్ లాంటి కంపెనీల ఇంజనీర్లే అక్కడ ఒక్కొక్క వాక్యం మీద వాదించుకుని, అందరూ ఒప్పుకున్నాక దాన్ని రిలీజ్ అని నంబరేసి బయటపెడతారు. మీ ఫోన్ ఎవరు తయారుచేసినా ఏ టవర్‌తోనైనా మాట్లాడుతోందంటే ఆ కాగితాల పుణ్యమే. 2025 సెప్టెంబరులో బీఎస్ఎన్ఎల్ దేశంలో తయారైన 4జీని మొదలుపెట్టింది కదా, అందులో కోర్, అంటే కాల్స్‌నూ డేటానూ దారి పట్టించే మధ్య వ్యవస్థ, ప్రభుత్వ సంస్థ సీడాట్‌ది, టవర్ మీది రేడియోలు తేజస్ కంపెనీవి, అన్నిటినీ కలిపిన పని టీసీఎస్‌ది. మూడు చోట్ల తయారైనవి ఒకటిగా పనిచేస్తున్నాయి, మన చేతిలో ఉన్న పాత ఫోన్లు కూడా దానికి తగులుకుంటున్నాయి. ఒప్పందం అంటే ఇలా ఉండాలి.

అయితే ఒప్పందంలో ఐచ్ఛికాలు చాలా ఉంటాయి. ఏ బ్యాండ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీల వరుస, పెట్టుకోవాలి, వాయిస్ ఎలా పంపాలి, పాత 2జీ ఉంచాలా తీసేయాలా, ఇవన్నీ కంపెనీల ఇష్టం. మన కష్టాలు మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

ముందు చేలో సిగ్నల్ చూడండి, తర్వాతే అంగడికి పోండి

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు స్టార్టర్ కొని, తర్వాత ఏ సిమ్ పడుతుందా అని వెతుకుతారు. అలా వద్దు. స్టార్టర్ బిగించబోయే చోట, అంటే బోరు దగ్గర ప్యానెల్ ఉన్న చోటనే నిలబడి, ఇంట్లో ఎవరెవరి ఫోన్లో ఏ కంపెనీ సిమ్ ఉందో అవన్నీ తెచ్చి చూడండి. గుడి దగ్గర వస్తుంది, చేను గట్టు మీద వస్తుంది అన్నది లెక్కలోకి రాదు.

పైన కనిపించే గీతల్ని నమ్మకండి, ఒక్కో ఫోన్ కంపెనీ వాటిని ఒక్కో రకంగా గీస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ స్ట్రెంత్ అని మైనస్ గుర్తుతో ఒక అంకె కనిపిస్తుంది. 4జీ మీద అది మైనస్ 100 కంటే బాగుంటే, అంటే మైనస్ 95, మైనస్ 85 అలా ఉంటే, దిగులు లేదు. మైనస్ 115 దాటి ఇంకా కిందికి పోతుంటే ఆ సిమ్ అక్కడ ఒకరోజు పనిచేస్తుంది ఒకరోజు మొండికేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే ఇంకా మంచిది. ఇంకో సంగతి, ఇనుప డబ్బాలో పెట్టిన మోడెమ్‌కు బయట ఫోన్‌కు అందినంత సిగ్నల్ అందదు. ఏరియల్ డబ్బా బయటికి రావాల్సిందే, దాని వైరు స్తంభం మీదికి ఎక్కించేంత పొడవు ఉంటే మరీ మేలు.

అదే చోట ఇంకో పరీక్ష కూడా చేయండి. ఫోన్లో ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్ అని ఉంటుంది, దాన్ని 2జీ ఓన్లీకి మార్చి ఫోన్ కలుస్తుందా చూడండి. ఇది ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చెప్తాను.

2జీ డబ్బానా, 4జీ డబ్బానా

అంగట్లో రోజూ వినపడే మాటలు ఇవి.

"ఏం సామీ, ఇదే సిమ్ నా ఫోన్లో బాగానే పనిచేస్తుంది, నువ్విచ్చిన డబ్బాలోనే పట్టదు."

"అది 2జీ డబ్బా అన్నా. మీది జియో సిమ్. జియోకు 2జీ లేదు."

ఇద్దరిదీ తప్పు కాదు. 2016 సెప్టెంబరులో మొదలైనప్పటి నుంచీ జియో పాత 2జీ, 3జీ ఏదీ పెట్టుకోలేదు, దాని మీద వాయిస్ కాల్ కూడా వోల్టీ రూపంలోనే, అంటే 4జీ మీదే, నడుస్తుంది. చవకగా దొరికే స్టార్టర్లలో ఇప్పటికీ 2జీ మోడెమే ఉంటుంది. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ సిమ్‌లతో అది పనిచేస్తుంది, జియోతో ఏం చేసినా పనిచేయదు. మీ చేలో 2జీ బాగా వస్తుంటే, మీకు ఫోన్ చేసి ఆన్, ఆఫ్ చేయడం ఒక్కటే కావాలంటే, 2జీ డబ్బా ఇవాళ్టికి సరిపోతుంది. కానీ స్టార్టర్ ఏళ్ళ తరబడి ఉండాల్సిన వస్తువు, కంపెనీలు పాత నెట్‌వర్క్‌లను ఒక్కొక్కటిగా మూసేస్తున్నాయి, 3జీని ఎయిర్‌టెల్ 2020లోనే మూసేసింది. కాబట్టి కొత్తగా కొనేవాళ్ళు కాస్త ఎక్కువ పెట్టయినా 4జీతో పాటు 2జీ కూడా ఉన్న డబ్బా తీసుకోండి, నా మాట అదే.

4జీ అని డబ్బా మీద రాసి ఉంటే సరిపోదు. మూడు సంగతులు విడిగా అడగాలి. మొదటిది బ్యాండ్లు. మన దేశంలో 4జీ 1, 3, 5, 8, 28, 40, 41 నంబర్ల బ్యాండ్ల మీద నడుస్తోంది, ఒక్కో కంపెనీ వీటిలో కొన్నే వాడుతుంది. జియోకు 3, 5, 40 కావాలి. బీఎస్ఎన్ఎల్ కొత్త 4జీ కోసం 28, 1, 41 ఉండాలి. 28 అంటే 700 మెగాహెర్ట్జ్, 5 అంటే 850, ఇవి తక్కువ ఫ్రీక్వెన్సీలు కాబట్టి దూరం పోతాయి. టవర్ దూరంగా ఉండే మన చేలకు ఇవే ప్రాణం, ఇవి లేని డబ్బా పట్నంలో పరీక్షిస్తే బ్రహ్మాండంగా పనిచేసి చేలో చతికిలబడుతుంది. డీలర్ దగ్గర ఈ వివరం లేకపోతే లోపలి మోడెమ్ మోడల్ నంబరు అడగండి, నెట్‌లో వెతికితే దాని బ్యాండ్లన్నీ కనిపిస్తాయి.

రెండోది వోల్టీ. 4జీ పుట్టినప్పుడు అది డేటా కోసమే తయారైంది, అందులో మాటలు ఎలా పంపాలన్నది పెద్ద తగువయింది. తలో దారి పడితే అందరం నష్టపోతామని తెలిసి 2009 నవంబరులో కొన్ని కంపెనీలు ఒక ఉమ్మడి పద్ధతికి ఒప్పుకున్నాయి, 2010 ఫిబ్రవరిలో ఆపరేటర్ల సంఘం జీఎస్ఎంఏ దాన్ని చేతిలోకి తీసుకుంది, మనం వోల్టీ అనేది దాన్నే. ఒప్పందం ఉన్నా, మోడెమ్ లోపల ఒక్కో ఆపరేటర్‌కు తగిన వోల్టీ అమరిక ఉండాలి, లేకపోతే నెట్ వస్తుంది గానీ కాల్ రాదు. మీరు మిస్డ్ కాల్‌తోనో, ఫోన్ చేసి 1 నొక్కో మోటారు నడపాలనుకుంటే "ఈ మోడెమ్ ఈ సిమ్ మీద కాల్ తీసుకుంటుందా" అని సూటిగా అడిగి, అక్కడే ఫోన్ చేయించి చూడాలి. యాప్‌తో మాత్రమే నడిపే డబ్బాకు ఈ గొడవ లేదు.

మూడోది రోమింగ్. ఇది రాయదుర్గం, డి.హీరేహాళ్, మడకశిర, హిందూపురం వైపు వాళ్ళకు. కర్ణాటక టవర్ దగ్గరగా ఉంటే మోడెమ్ దాన్నే పట్టుకుంటుంది. అప్పుడు డేటా రోమింగ్ అనుమతి ఆఫ్‌లో ఉంటే సిగ్నల్ నిండుగా కనిపిస్తూనే యాప్ మాత్రం చచ్చినట్టు పడి ఉంటుంది. బిగించే మనిషి చేత దాన్ని ఆన్ చేయించుకోండి.

ఏపీఎన్, రీచార్జి

కాల్ కలుస్తోంది, యాప్ మాత్రం ఆఫ్‌లైన్ అని చూపిస్తోందంటే ముందు అనుమానించాల్సింది ఏపీఎన్‌ని. సిమ్ నెట్‌లోకి వెళ్ళే తలుపు పేరు అది. జియోకు జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్, వీటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో మధ్యలో ఖాళీ లేకుండా ఇవ్వాలి. ఫోన్లో అయితే సిమ్ వేయగానే ఇది దానంతటదే కూర్చుంటుంది, స్టార్టర్ డబ్బాల్లో చాలావాటికి మనమే మెసేజ్ పంపి చెప్పాలి. ఆ మెసేజ్ ఎలా రాయాలో డబ్బాతో వచ్చిన కాగితంలో ఉంటుంది, ఆ కాగితం పారేయకండి.

కొన్ని కంపెనీలు డబ్బాతోనే 13 అంకెల నంబరున్న ఎం2ఎం సిమ్, అంటే యంత్రాల కోసమే ఇచ్చే సిమ్, బిగించి ఇస్తాయి. దానికి ఏడాదికింత అని వాళ్ళకే కట్టాలి. తలనొప్పి తక్కువే, కానీ ఆ సిమ్ కంపెనీకి మీ చేలో టవర్ లేకపోతే చేసేదేం లేదు. "సిమ్ మార్చుకునే వీలుందా, మార్చితే యాప్ పనిచేస్తుందా" అని అడిగి, అవునంటే బిల్లు మీదే రాయించుకోండి.

సొంత సిమ్ అయితే రీచార్జి గడువు మీద కన్నేసి ఉంచాలి, గడువు తీరాక ఇన్‌కమింగ్ ఆగిపోతే తోటలో మోటారు కూడా ఆగిపోయినట్టే. కాల్‌తో మాత్రమే నడిచే స్టార్టర్‌కు రోజుకింత డేటా ఇచ్చే ప్యాక్ ఎందుకు? వాయిస్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే విడిగా ప్యాక్‌లు ఇవ్వాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది, అలాంటి వోచర్లకు గడువు 365 రోజుల దాకా ఉండొచ్చని కూడా చెప్పింది. ఆపరేటర్ యాప్‌లో ఇవి వెనకెక్కడో ఉంటాయి, వెతికి వేసుకోండి. సిమ్ మాత్రం మీ పేరు మీదే తీసుకోండి, డీలర్ పేరు మీదో మెకానిక్ పేరు మీదో ఉన్న సిమ్ రేపు బ్లాక్ అయితే తిరిగి తెచ్చుకోలేరు.

అసలు ఒప్పందం కుదరాల్సిన చోటు

రేడియో, సిమ్, మెసేజ్, కాల్, ఇంతవరకూ ప్రపంచమంతా ఒకే రూలు. మోడెమ్‌కు ఆదేశాలిచ్చే భాష కూడా ఒకటే, 1981లో హేస్ కంపెనీ మోడెమ్‌తో వచ్చిన ఏటీ కమాండ్లనే పెంచి త్రీజీపీపీ స్టాండర్డ్ చేసింది. మెకానిక్ ల్యాప్‌టాప్ తగిలించి ఏటీ ప్లస్ సీఎస్‌క్యూ అని కొడితే ఏ కంపెనీ మోడెమ్ అయినా సిగ్నల్‌ను 0 నుంచి 31 మధ్య అంకెగా చెప్తుంది, 99 అంటే తెలియడం లేదని. అంత చక్కగా ఉంది అక్కడిదాకా.

దాని పైన మోటారు గురించి మాట్లాడే మాటలకు మాత్రం ఎవరి గోల వాళ్ళది. ఒక డబ్బాకు ఆన్ అని పంపాలి, ఇంకోదానికి ముందు పాస్‌వర్డ్ కొట్టి స్టార్ పెట్టి నంబరు పంపాలి. ఒక కంపెనీ యాప్‌లో ఇంకో కంపెనీ డబ్బా కనిపించదు. రెండు బోర్లకు రెండు కంపెనీల డబ్బాలుంటే ఫోన్లో రెండు యాప్‌లు, రెండు పాస్‌వర్డ్‌లు. కంపెనీ తన యాప్‌ను నడిపే సర్వర్ మూసేసిందంటే మంచి డబ్బా కూడా గోడకు వేలాడే ఇనుప పెట్టె అయిపోతుంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం, ఎందుకంటే దీనికి విరుగుడు ఎప్పుడో తయారై ఉంది.

ఫోన్లలో నెట్ మొదలైన రోజుల్లో సెట్టింగ్స్ పంపే పద్ధతి, బొమ్మల మెసేజ్ పద్ధతి ఇట్లాగే తలో రకంగా ఉండేవి. 2002 జూన్‌లో దాదాపు 200 కంపెనీలు, అంటే ఆపరేటర్లు, ఫోన్ తయారీదార్లు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు కలిసి ఓపెన్ మొబైల్ అలయన్స్ పెట్టుకుని వాటిని ఒక దారికి తెచ్చారు. అదే సంస్థ తర్వాత ఇలాంటి చిన్న డబ్బాల కోసమే లైట్‌వెయిట్ ఎం2ఎం అని ఒక స్టాండర్డ్ రాసి 2017లో విడుదల చేసింది. దాని పట్టికలో ఒక్కో వస్తువుకు ఒక్కో నంబరుంటుంది. ఉష్ణోగ్రత సెన్సర్ అంటే 3303, ఆన్ చేసి ఆఫ్ చేసే పరికరం అంటే 3306, అందులో ఆన్, ఆఫ్ అనే గడి 5850. ఏ కంపెనీ డబ్బా అయినా 3306 అంటే అర్థం చేసుకుంటే ఎవరి యాప్‌తోనైనా నడపొచ్చు. ఎం2ఎం కోసమే వన్ఎం2ఎం అని ఇంకో అంతర్జాతీయ స్టాండర్డ్ ఉంది, దాన్ని మన టెలికాం ఇంజనీరింగ్ సెంటర్ జాతీయ స్టాండర్డ్‌గా తీసుకుంది కూడా. కోయంబత్తూరులోనూ రాజ్‌కోట్‌లోనూ ఉన్న మోటారు, స్టార్టర్ కంపెనీలు కూర్చుని ఆన్, ఆఫ్, ఓల్టేజి, ఆంప్స్, డ్రై రన్ (నీళ్ళు లేకుండా తిరగడం), ఫేజ్ పోయింది లాంటి పదీ పదిహేను మాటలకు ఒప్పుకుంటే చాలు, మన రైతు ఒక కంపెనీకి కట్టుబడి ఉండాల్సిన పని తప్పుతుంది.

అది జరిగేదాకా కొనేవాళ్ళుగా మనం చేయగలిగింది ఉంది. సర్వర్ లేకపోయినా ఎస్ఎంఎస్‌తోనో కాల్‌తోనో నడిచే డబ్బానే కొనండి, యాప్ దానికి అదనంగా ఉండాలి గానీ యాప్ ఒక్కటే దిక్కు కాకూడదు. సర్వర్ అడ్రస్ మార్చుకునే వీలుందా, ఎంక్యూటీటీ వాడుతుందా అని అడగండి. ఎంక్యూటీటీ అంటే 1999లో చమురు పైపులైన్లను దూరం నుంచి గమనించడానికి తయారుచేసిన తేలికైన పద్ధతి, ఇప్పుడు అందరూ వాడుకునే స్టాండర్డ్, దాంతో నడిచే డబ్బాను ఊళ్ళో చదువుకున్న పిల్లలు కూడా వేరే సర్వర్‌కు మళ్ళించగలరు. ఊళ్ళో రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉంటే విడివిడిగా పోకుండా 30, 40 డబ్బాలు ఒకేసారి కొంటామని చెప్పి ఈ షరతులు పెట్టండి, ఒక్కడు అడిగితే నవ్వే డీలర్ అంతమంది అడిగితే కంపెనీకి ఫోన్ చేస్తాడు.

బిగించేటప్పుడు

మెయిన్ ఆఫ్ చేయకుండా డబ్బా మూత తెరవనివ్వకండి, ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ముందు చూడండి. బిగించాక డబ్బు మొత్తం ఇచ్చేముందు చేలోనే మీ సిమ్‌తో నడిపించండి, తర్వాత వేరే కంపెనీ సిమ్ వేసి నడిపించండి, తర్వాత ఒక ఫేజ్ ఫ్యూజు తీయించి మోటారు ఆగి మెసేజ్ వస్తుందా చూడండి. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చేయండి, మీ నంబర్లు మాత్రమే పనిచేసేలా రిజిస్టర్ చేయండి. బోరు దగ్గర ఎవరైనా రిపేరు చేస్తుంటే సెలెక్టర్ స్విచ్‌ను ఆఫ్‌లో పెట్టి మెయిన్ కూడా తీసేయాలి, ఇంట్లో ఎవరో తెలియక ఫోన్ చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పండి, చిన్నపిల్లలతో సహా.

ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవాళ్ళు ఇంకొకటి మాట్లాడుకోవాలి. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది, ఓల్టేజి పడిపోతుంది, ఫ్యూజులు పోతాయి. ఆటో ఆన్ డిలే అని స్టార్టర్‌లో ఉంటుంది, ఒకరు 30 సెకన్లు, పక్కవాళ్ళు 60, ఆ పక్కవాళ్ళు 90 అని పంచుకుని పెట్టుకోండి.

సిమ్ కంపెనీ మార్చాలనిపిస్తే

నంబరు మారకుండా పోర్ట్ చేసుకోవచ్చు, అది దేశమంతటా 2011 జనవరి నుంచీ ఉన్న హక్కు. సిమ్‌ను స్టార్టర్‌లోంచి తీసి ఫోన్లో వేసి, ఇంగ్లీషులో పోర్ట్ అని కొట్టి ఖాళీ వదిలి పది అంకెల నంబరు రాసి 1900కి పంపండి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, మన దగ్గర దానికి గడువు నాలుగు రోజులు, ఈలోపు కొత్త కంపెనీ దగ్గర ఇవ్వాలి. అదే సర్కిల్ (టెలికాం ప్రాంతం) లోపలైతే మూడు పనిదినాల్లో మారుతుంది. ఆ నెట్‌వర్క్‌లో 90 రోజులు నిండి ఉండాలి, ఈమధ్యనే సిమ్ పోయి కొత్తది తీసుకుని ఉంటే ఏడు రోజులు ఆగాలి. నీళ్ళు తప్పనిసరిగా పెట్టాల్సిన రోజుల్లో ఈ పని పెట్టుకోకండి, మారే రోజు కొన్ని గంటలు సిగ్నల్ ఉండదు, అప్పుడు స్టార్టర్‌ను మాన్యువల్‌లో పెట్టుకోవాల్సి వస్తుంది. కొత్త సిమ్ వేశాక డబ్బాలో పాత ఏపీఎన్ అలాగే ఉండిపోతుంది కాబట్టి మెసేజ్ పంపి మార్చండి, కొత్త ఏపీఎన్‌ను, సిమ్ నంబరును, రీచార్జి తీరే తేదీని ఒక కాగితం మీద రాసి తడవకుండా కవర్ వేసి డబ్బా తలుపు లోపలివైపు అంటించండి.